మౌంటెన్ బైకు పార్టులు, యాక్సెసరీలు: కొనేముందు, మార్చేముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఆదివారం అనంతగిరి నుంచో గండిపేట నుంచో తిరిగొచ్చి టీ తాగుతుంటే ఎవరో ఒకరు మొదలుపెడతారు: "అన్నా, గేర్లు మార్పిద్దామనుకుంటున్నా, ఎంతవుతుంది?" ఆ వారంలోనే అదే ప్రశ్న వాట్సాప్‌లో ఇంకో ముగ్గురు అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇలా ఒకచోట రాసిపెట్టాను. మొదటి నుంచి చదవనక్కర్లేదు, మీ డౌటు ఏదైతే అక్కడికే వెళ్ళండి. 15 వేల నుంచి 50 వేల మధ్య సైకిళ్ళున్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. లక్షలు పోసి కార్బన్ సైకిలు కొన్నవాళ్ళకు నా సలహాతో పనిలేదు.

## డబ్బు తీయకముందు

నా దగ్గర 18 వేల సైకిలుంది. దానికే పార్టులు మార్చుకోవాలా, అమ్మేసి కొత్తది కొనాలా?

మీరు మార్చాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, ధరలు వేసి, కూడండి. మొత్తం సైకిలు ధరలో సగం దాటితే ఆగండి. కంపెనీలు పార్టులు వేలల్లో కొంటాయి కాబట్టి వాటికి చవగ్గా పడతాయి. మనం ఒక్కొక్కటీ విడిగా కొంటే అదే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్మలు), అవే బ్రేకులు తడిసి మోపెడవుతాయి. తీరా అన్నీ మార్చాక కూడా ఫ్రేము మాత్రం 18 వేలదే.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. టైర్లు, పెడళ్ళు, సీటు, లైట్లు, హెల్మెట్ లాంటివి మంచివే కొనండి. రేపు సైకిలు మార్చినా వీటిలో చాలావరకు కొత్తదానికి తగిలించుకోవచ్చు. టైర్ల విషయంలో మాత్రం చక్రం సైజు కలవాలి.

ముందు ఏది మార్చితే తేడా తెలుస్తుంది?

టైర్లు. రెండో ఆలోచనే లేదు. నేలను తాకేది అవొక్కటే. తర్వాత బ్రేకు ప్యాడ్లు, కేబుళ్ళు. ఆ తర్వాత కాళ్ళకి పట్టు దొరికే పెడళ్ళు. గేర్లు, ఫోర్కు అన్నిటికంటే చివర. అందరూ మొదలుపెట్టేది మాత్రం వాటితోనే, ఎందుకంటే ఫోటోలో కనిపించేవి అవే.

ఏ పార్టు నా సైకిలుకి పడుతుందో ఎలా తెలుస్తుంది? మోడల్ పేరు చెబితే చాలదా?

చాలదు. ఒకే పేరుతో కంపెనీ ఏడాదికో రకం పార్టులు వేస్తుంది. కొలవాల్సిందే. చవకరకం వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి, అదే మీ మొదటి అప్‌గ్రేడ్ అనుకోండి.

టైరు పక్కన 54-584 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము సైజు, రెండూ మిల్లీమీటర్లలో. 559 ఉంటే 26 అంగుళాల చక్రం, 584 ఉంటే 27.5, 622 ఉంటే 29. సీటు రాడ్డు అడుగున 27.2, 30.9, 31.6 లాంటి అంకె చెక్కి ఉంటుంది. వెనక చక్రం తీసి ఫ్రేములో ఖాళీ కొలిస్తే సాధారణంగా 135, 142, 148 మి.మీ.లో ఏదో ఒకటి వస్తుంది. బ్రేకు డిస్కు చక్రం నడిమి హబ్బుకి 6 బోల్టులతో ఉందా, నడుమ ఒకే పెద్ద రింగుతో ఉందా చూసుకోండి.

కొలవకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళ కింద ఆఫర్లో వచ్చిందని ఒక ఎయిర్ ఫోర్కు (స్ప్రింగుకి బదులు గాలితో పనిచేసేది) తెప్పించాను. కోఠీలో మెకానిక్ పాత ఫోర్కు విప్పి, కొత్తదాన్ని దాని పక్కన పడుకోబెట్టి, ఏమీ అనకుండా రెండిటికీ ఫ్రేములోకి దూరే గొట్టాలు వేలితో చూపించాడు. పాతది పైనుంచి కిందిదాకా ఒకే లావు, 28.6 మి.మీ. కొత్తది కిందికొచ్చేసరికి అరటిబోదెలా లావెక్కి ఒకటిన్నర అంగుళం అయింది. ఆ గొట్టం దూరాల్సిన నా ఫ్రేము తలగొట్టం లోపలి కొలత 34 మి.మీ. "పోదు సార్" అని ఒక్క మాటన్నాడు. అమ్మినవాడు వాపసు తీసుకోలేదు. ఆ ఫోర్కు ఏడాదిపాటు మా అటక మీద ఉంది. తలగొట్టం లోపలి కొలత 44 ఉన్న ఫ్రేములకైతే కింద బయటి బేరింగు కప్పు వేసి అలాంటిది బిగించవచ్చు. 34కి మాత్రం దారిలేదు.

ఆన్‌లైన్లో కొనాలా, షాపులోనా?

ట్యూబులు, కేబుళ్ళు, ఫ్రీవీలు (వెనక పళ్ళచక్రాల గుత్తి), మామూలు చైను లాంటివి హైదరాబాద్‌లో అయితే కోఠీ ఇసామియా బజార్లోనే చూడండి. చేత్తో పట్టుకుని, పాతదాంతో పోల్చి కొనొచ్చు. ఫలానా నంబరు డెరైల్యూర్ (గేరు మార్చినప్పుడు చైనుని జరిపేది), ఫలానా టైరు అని తేల్చుకున్నాక ఆన్‌లైన్ సుఖం. చైన్లు, బ్రేకు ప్యాడ్లకి నకిలీలు ఎక్కువ. అందరూ చెప్పే ధరలో సగానికే వస్తోందంటే వదిలేయండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి.

ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద, వాటి పార్టుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిల్లు అడిగి తీసుకోండి, ఎంత శాతం వేశారో చూడండి.

## చక్రాలు, టైర్లు

27.5 సైకిలుకి 29 చక్రాలు వేయొచ్చా?

దాదాపు ఎప్పుడూ వద్దు. రిమ్ము వ్యాసంలోనే 38 మి.మీ. తేడా ఉంది, అంటే చుట్టూ 19 మి.మీ. పెరుగుతుంది. సన్నటైరు వేసి ఎలాగో దూర్చినా మట్టి తగిలిందంటే ఫ్రేముకి రాసుకుంటుంది. డబ్బు పెట్టి గొడవ కొనుక్కోవడమే.

ఎంత వెడల్పు టైరు వేయాలి?

ఫ్రేముకీ టైరుకీ మధ్య ప్రతి పక్కా కనీసం 6 మి.మీ. ఖాళీ మిగలాలి. అది ఎండాకాలం లెక్క. నల్లరేగడి నేలల్లో వాన పడ్డాక తొక్కేవాళ్ళు ఇంకా ఎక్కువ వదలండి. ఆ మట్టి రెండు వందల గజాల్లోనే చక్రాన్ని పట్టేసి ఆపేస్తుంది, సైకిలు భుజాన వేసుకుని నడవాల్సిందే.

ఖాళీ ఉంటే మట్టిదారులకి 2.25 అంగుళాలు మంచి వెడల్పు. ముందు టైరుకి దిట్టమైన గుబ్బలు, వెనక టైరుకి కాస్త చిన్న గుబ్బలు ఉన్నవి వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే. మీరు తిరిగేది పదిలో తొమ్మిదిసార్లు తారురోడ్డు మీదే అయితే, నిజం ఒప్పుకుని నున్నటి టైర్లు వేసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద గుబ్బల టైర్లతో ఆపసోపాలు పడేవాళ్ళను రోజూ చూస్తున్నా.

గాలి ఎంత కొట్టాలి? షాపువాడు 60 అన్నాడు.

షాపువాడికి మీరు పంక్చరని తిరిగి రాకూడదు, అంతే. టైరు మీద రాసిన హద్దుల్లోనే ఉండండి, కానీ పై హద్దు మంచిదని కాదు. 70 కిలోల మనిషికి, ట్యూబున్న 2.1 నుంచి 2.25 టైర్లకి మట్టిదారిలో ముందు 28, వెనక 32 పీఎస్ఐతో మొదలుపెట్టి చూడండి. రోడ్డు మీదైతే 40 దాకా వెళ్ళొచ్చు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. పెట్రోలు బంకులో కొట్టించేటప్పుడు జాగ్రత్త, సైకిలు టైరులో పట్టే గాలి తక్కువ కాబట్టి క్షణాల్లో హద్దు దాటిపోతుంది. గేజీ ఉన్న ఫ్లోర్ పంపు ఇంట్లో ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

సన్న వాల్వు ట్యూబు, లావు వాల్వు ట్యూబు ఏది కొనాలి?

మీ రిమ్ము రంధ్రం ఏదైతే అదే. మోటారుబైకుకి ఉండేలాంటి లావు వాల్వు ష్రేడర్. సన్నగా, కొసన చిన్న మర ఉండేది ప్రెస్టా. ప్రెస్టాకి గాలి కొట్టేముందు ఆ మర వదులు చేయాలి. అది తెలియక పంపు పాడైందనుకున్నవాళ్ళు చాలామంది.

ట్యూబ్‌లెస్ మన దగ్గర పనికొస్తుందా?

మన దగ్గరే ఎక్కువ పనికొస్తుంది. గట్ల మీద పల్లేరుకాయలు, చెరువుల పక్కన సర్కారు తుమ్మ. ఒకసారి వికారాబాద్ అడవిదారి నుంచి వచ్చాక టైరు తిప్పుతూ గోళ్ళు తీసే కత్తెరతో ముళ్ళు పీకడం మొదలుపెట్టాను, ముందు టైరులోనే 11 దొరికాయి. ఒక్కో ముల్లు పీకగానే బుస్సుమని తెల్లటి చుక్క వచ్చేది, చక్రం అరచుట్టు తిప్పేసరికి ఆగిపోయేది. ట్యూబున్న సైకిలైతే ఆ రోజు అడవిలోనే తెల్లారేది.

అయితే రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కి తగినవై ఉండాలి. లోపల అంటించే టేపు, ప్రత్యేక వాల్వు, సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపల్నుంచి పూడ్చే ద్రవం) కావాలి. 29 అంగుళాల టైరుకి దాదాపు 100 మి.లీ. సీలెంట్ పోస్తాను. డబ్బా మీద ఆర్నెల్లు అని రాసి ఉన్నా మన ఎండలకి రెండు మూడు నెలల్లోనే ఎండిపోతుంది, వాల్వు తీసి పుల్లతో చూస్తుండాలి. సంచిలో ఒక మామూలు ట్యూబు మాత్రం పెట్టుకోండి. టైరు చీరుకుపోతే సీలెంట్ ఏమీ చేయలేదు. అప్పుడు ట్యూబు వేసేముందు టైరు లోపల చెయ్యి మెల్లగా తిప్పి గుచ్చుకుని ఉన్న ముళ్ళన్నీ తీసేయండి.

## బ్రేకులు

కేబులు డిస్కు బ్రేకులు సరిగా పట్టట్లేదు. హైడ్రాలిక్ వేయించాలా?

ముందు మంచి ప్యాడ్లు, కొత్త కేబులు, కొత్త ఔటర్ (కేబులు పైతొడుగు) వేయించి చూడండి. సగం మందికి అక్కడితో తీరిపోతుంది. అప్పటికీ చాలకపోతే హైడ్రాలిక్‌కి వెళ్ళండి. షిమానో ఎంటీ200 లాంటి మామూలు సెట్టు చాలు, రెండు వేళ్ళు కూడా అవసరం లేకుండా ఒక్క వేలితో ఆగుతుంది.

కొనేముందు రెండు చూసుకోవాలి. మీ బ్రేకు లివరు, గేరు లివరు ఒకే ముక్కగా ఉంటే బ్రేకు మార్చినప్పుడు గేరు లివరు కూడా విడిగా కొనాలి. రెండోది, మన సైకిళ్ళకి కుడిచేతిది ముందు బ్రేకు. కొన్ని దేశాల్లో ఎడమచేతిది. సెట్టు ఏ చేతికి ఏ బ్రేకుగా వస్తోందో అడగండి. లేదంటే పైపులు విప్పి మార్చి, ఆయిల్ మళ్ళీ నింపించుకోవాలి.

బ్రేకు ఆయిల్ ఏదైనా పోయొచ్చా? బైకుది ఇంట్లో ఉంది.

వద్దు. షిమానోకి మినరల్ ఆయిల్. మోటారుబైకుది డాట్ ఫ్లూయిడ్. దీనికి అది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు చెడిపోతుంది. ఏ ఆయిలో లివరు మీదే రాసి ఉంటుంది.

కొత్త ప్యాడ్లు వేశాక కీచుమంటోంది, పట్టట్లేదు కూడా.

కొత్త ప్యాడ్లని అరగదీసి అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద 20 కి.మీ. వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ఒక 20 సార్లు. అప్పటికీ కీచుమంటే నూనె అంటిందన్నమాట. చైను మీద స్ప్రే కొట్టినప్పుడు తుంపర డిస్కు మీద పడటమే చాలామటుకు కారణం. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్ల పైపొర సాండ్‌పేపర్‌తో రుద్దండి. నూనె లోపలిదాకా ఇంకితే ప్యాడ్లు పడేయడమే.

160 మి.మీ. డిస్కు తీసి 180 వేయించనా?

90 కిలోలు దాటినవాళ్ళకీ, అరకు ఘాట్ లాంటి పొడవైన దిగుళ్ళు దిగేవాళ్ళకీ ముందు చక్రానికి మంచిదే. ఫోర్కు 180కి ఒప్పుకుంటుందా చూసి, అడాప్టరు కూడా కొనాలి. డిస్కు మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే అని రాసి ఉంటే దానికి మెటల్ ప్యాడ్లు వేయకండి, డిస్కు త్వరగా అరిగిపోతుంది.

## గేర్లు, చైను

ముందు 3, వెనక 7 ఉన్నాయి. ముందు ఒకటే పళ్ళచక్రం పెట్టి వెనక 10 చేయించాలని ఉంది. ఎంతవుతుంది?

ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

7 గేర్ల సైకిళ్ళలో చాలావాటికి వెనక ఉండేది క్యాసెట్ కాదు, ఫ్రీవీలు. ఇది మొత్తంగా హబ్బు మీదికి మర తిప్పి బిగించేది. క్యాసెట్ అయితే హబ్బు మీది గాడుల్లోకి జారి కూర్చుంటుంది. ఫ్రీవీలు హబ్బు మీద క్యాసెట్ కూర్చోదు. అంటే హబ్బు మార్చాలి, దాంతోపాటు పుల్లలు (స్పోకులు) తీసి మళ్ళీ అల్లాలి, లేదా వెనక చక్రమే కొత్తది కొనాలి. ఆపైన క్యాసెట్, డెరైల్యూర్, షిఫ్టర్ (గేరు లివరు), చైను, ముందు పళ్ళచక్రం, ఒక్కోసారి క్రాంకు (పెడలు తగిలించే చెయ్యి) కూడా. లిస్టు చూశారుగా.

ఇప్పుడు లాభం లెక్క చూద్దాం. ముందు 24, 34, 42 పళ్ళు, వెనక 14 నుంచి 28 ఉన్న మామూలు సైకిలు తీసుకోండి. ఎత్తు ఎక్కే గేరు 24/28, అంటే 0.86. ముందు ఒకే 32, వెనక 11 నుంచి 48 పెట్టామనుకోండి, 32/48, అంటే 0.67. ఎంత చిన్నదైతే ఎక్కడం అంత తేలిక, కాబట్టి తేడా బాగానే ఉంది. కానీ పాత సైకిలుకే 14 నుంచి 34 పళ్ళ ఫ్రీవీలు వేస్తే? 24/34, అంటే 0.71. దాదాపు అదే ఎక్కుడు, ఖర్చు అందులో పిసరంత. మీ డెరైల్యూర్ 34కి ఒప్పుకోవాలి (షిమానో టోర్నీ టీవై300 డెరైల్యూర్‌కి 34 హద్దు), చైను కాస్త పొడవు కావాల్సి రావచ్చు, ఫ్రీవీలు ఊడదీసే టూలు కావాలి. ఎక్కడానికే ఇబ్బందైతే ఇది చేయించి ఊరుకోండి.

హబ్బు ఇప్పటికే క్యాసెట్‌దైతే వేరే సంగతి. అప్పుడు మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ 10 గేర్లదీ, షిమానో డియోర్ 11 గేర్లదీ మామూలు హైపర్‌గ్లైడ్ హబ్బు మీదే కూర్చుంటాయి. డియోర్ 12 గేర్లకి మాత్రం మైక్రో స్ప్లైన్ అనే వేరే హబ్బు కావాలి.

ఒక కంపెనీ షిఫ్టరు, ఇంకో కంపెనీ డెరైల్యూర్ కలుస్తాయా?

షిఫ్టరు, డెరైల్యూర్ ఒకే కంపెనీవి, ఒకే గేర్ల సెట్టువి తీసుకోండి. ఒక్కో క్లిక్కుకి కేబులు ఎంత లాగాలన్నది వాటిమధ్య ఒప్పందం. అది చెడితే ఎంత ట్యూన్ చేసినా గేరు కుదురుగా పడదు. చైను, క్యాసెట్ విషయంలో అంత పట్టింపు లేదు, గేర్ల సంఖ్య ఒకటైతే చాలావరకు కలిసిపోతాయి.

చైను ఎప్పుడు మార్చాలి?

కొలిచి. స్టీలు స్కేలు సున్నాని ఒక పిన్ను నడిమికి పెట్టండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను నడిమి వస్తుంది. అది 1.5 మి.మీ. దాటి జరిగితే అర శాతం సాగినట్టు. 11, 12 గేర్ల సైకిలుకి అదే హద్దు. అంతకంటే తక్కువ గేర్లయితే 0.75 శాతం దాకా, అంటే 2.3 మి.మీ. దాకా ఆగొచ్చు. అప్పటికీ మార్చకపోతే సాగిన చైను క్యాసెట్ పళ్ళని తనకి తగ్గట్టు అరగదీసుకుంటుంది. ఆపైన కొత్త చైను వేస్తే జారుతుంది, రెండూ కొనాలి.

కొబ్బరినూనె వేయొచ్చా? ఇంజనాయిల్?

కొబ్బరినూనె వద్దు, జిగురు కట్టి దుమ్ముని పట్టుకుంటుంది. ఇంజనాయిల్ పనిచేస్తుంది గానీ రెండు రోజుల్లో చైను నల్లటి ముద్దవుతుంది. సైకిలు చైను ల్యూబు చిన్న సీసా నెలలు వస్తుంది. లింకుకో చుక్క వేసి, పది నిమిషాలాగి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

## ఫోర్కు, సీటు, పెడళ్ళు

80 మి.మీ. కదిలే ఫోర్కు తీసి 120ది వేస్తే కొండల్లో బాగుంటుందా?

ఫ్రేము ఒప్పుకోదు. ఎత్తు 20 మి.మీ. పెరిగితే తలగొట్టం కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, తలగొట్టం వెల్డు మీద భారం పెరుగుతుంది. 80 ఉన్నదానికి 100, అక్కడితో ఆపండి. నిజానికి లాభం పొడవులో లేదు, స్ప్రింగు ఫోర్కు నుంచి ఎయిర్ ఫోర్కుకి మారడంలో ఉంది. ఎయిర్‌దాన్ని మీ బరువుకి సర్దుకోవచ్చు. మీరెక్కి నిలబడ్డప్పుడు ఫోర్కు తన మొత్తం కదలికలో 20 శాతం దిగేలా షాక్ పంపుతో గాలి పట్టించండి. ఆ పంపు విడిగా కొనాలి, టైరు పంపు దీనికి పనికిరాదు.

గంట తొక్కితే సీటు నొప్పి. జెల్ కవరు కొననా?

కొనకండి. మెత్తటిది మొదటి అరగంట హాయి, తర్వాత ఎముకల మధ్యకి ఒత్తుకుని ఇంకా నొప్పి. ముందు సీటు ఎత్తు సరిచేయండి. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. సీటు ముక్కు పైకి లేచి లేకుండా సమంగా పెట్టండి. తర్వాత ప్యాడ్ ఉన్న షార్ట్స్, లోపల ఇంకేమీ వేసుకోకుండా. ఇవన్నీ అయ్యాకే సీటు మార్చడం. కొత్తది కొనేటప్పుడు మెత్తదనం కాదు, మీ కూర్చునే ఎముకలకి సరిపడే వెడల్పు చూడండి.

పెడలు ఊడట్లేదు, బలంగా తిప్పితే ఇంకా బిగుస్తోంది.

ఎడమ పెడలుకి ఎదురు మర. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. కొత్త పెడళ్ళ మీద ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. మరకి గ్రీజు రాసి, మొదట చేత్తోనే తిప్పండి. పానాతో మొదలుపెట్టి క్రాంకు మర చెడగొట్టుకున్నవాళ్ళు చాలామంది. పెద్దల సైకిళ్ళకి దాదాపు అన్నిటికీ 9/16 అంగుళాల మరే.

డ్రాపర్ సీటుపోస్టు అవసరమా?

లివరు నొక్కితే కిందికి దిగే సీటు రాడ్డు ఇది. నిటారుగా దిగే దారులు వారంవారం తొక్కుతుంటే అవసరం. లేకపోతే చేత్తో క్విక్ రిలీజ్ విప్పి సీటు దించుకోండి.

## ఒంటి మీద, సంచిలో

మోటారుబైకు హెల్మెట్ ఉందిగా, అదే పెట్టుకుంటే?

ఉక్కపోతకి 20 నిమిషాల్లో తీసి హ్యాండిల్‌కి తగిలిస్తారు. సైకిలు హెల్మెట్ కొనండి, లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ ముద్ర ఉందో లేదో చూడండి. ఒకసారి గట్టిగా పడితే పైకి పగులు కనిపించకపోయినా మార్చేయాలి. ఎండలో కారు లోపల వదలకండి.

రైడ్‌కి సంచిలో ఏమేం ఉండాలి?

ట్యూబు ఒకటి, టైరు లివర్లు రెండు, చిన్న పంపు, ప్యాచ్‌లు, చైను కట్టరున్న మల్టీటూలు, మీ గేర్ల సంఖ్యకి తగిన చైను జాయింటు లింకు ఒకటి. వంద రూపాయల నోటు కూడా పెట్టుకోండి. టైరు చీరితే లోపల మడిచి అడ్డం పెట్టడానికి దానికి మించింది లేదు, అవసరం రాకపోతే టీ తాగొచ్చు.

లైటు ఎన్ని ల్యూమెన్లది తీసుకోవాలి?

వీధిదీపాలున్న రోడ్డుకి 200 నుంచి 300 చాలు. చీకటి మట్టిదారికి 800 పైన కావాలి. ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా కిందికి వంచండి. వెనక ఎర్రలైటు పగలు కూడా వేసే ఉంచుతాను.

## బిగించేటప్పుడు, ఆ తర్వాత

ఇంట్లో నేనే బిగించుకోవచ్చా?

టైర్లు, పెడళ్ళు, సీటు, ప్యాడ్లు, చైను ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫోర్కు గొట్టం కోయడం, హైడ్రాలిక్ పైపు కోయడం, పుల్లలు అల్లడం మెకానిక్‌కి వదిలేయండి. స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర బిగిస్తారు, దాని మీదే రాసి ఉంటుంది. నాలుగూ కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించండి. మెకానిక్ దగ్గర ఒక్కటి గమనించండి, బేరింగు కప్పులని సుత్తితో నేరుగా బాదుతుంటే సైకిలు తీసుకుని వచ్చేయండి.

తీసేసిన పాత పార్టులు ఏం చేయాలి?

కనీసం సైకిలు అమ్మేదాకా ఉంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మీరు పెట్టిన పార్టులకి విడిగా డబ్బివ్వరు. అమ్మేముందు పాతవి తిరిగి తగిలించి, మంచివి విప్పుకుని కొత్త సైకిలుకి వాడుకోవచ్చు, లేదా విడిగా అమ్మొచ్చు. అరిగిన చైను, బ్రేకు ప్యాడ్లు మాత్రం దాచకండి. దారిలో ఎవరికో అవసరమైతే ఇద్దామనిపిస్తుంది, ఇవ్వకండి.